మంచులో నిలచిన జీవము

మన పూర్వులు మగ్గముల వెంట, మిల్లుల వెంట, వర్తకము వెంట ఊరు విడిచి వచ్చినపుడు తమతో తెచ్చుకొన్న ఆస్తి స్వల్పము. ఇంటిపేరును భాషయు మాత్రము చెడకుండ కాపాడుకొనిరి. పరభాషల నడుమ నివసించు కుటుంబములకు ఈ రెండును నిలచుట పిల్లల వలననే గదా! అందుచేత కోడలి కడుపు పండుట యనునది మన యిండ్లలో భార్యాభర్తల సొంత విషయముగా నెన్నడును ఉండలేదు. అది బంధువులందరి విచారణకు లోనైన విషయము. సంతానము కలుగని స్త్రీని పేరంటములకు పిలుచుటకు సంకోచించిన రోజులు మేమెరుగుదుము. లోపము పురుషునిలోను ఉండవచ్చునన్న సంగతి ఆ రోజులలో ఎవరును ఆలోచింపలేదు.

ఇటీవల మా బంధువర్గములోని యొక దంపతులకు ఘనీభవింపజేసిన పిండమును గర్భాశయములో ప్రవేశపెట్టు చికిత్స జరిగినది. ఆ సందర్భమున ఇంటి పెద్దలు కొందరు, ఇది పాశ్చాత్యుల వింత యనియు, మంచులో నుంచిన బిడ్డ మన బిడ్డ యెట్లగుననియు పలికిరి. ఆ మాటలే మమ్ము ఈ చరిత్రను వ్రాయుటకు పురికొల్పినవి. ఏలయనగా, ఈ విద్య చరిత్రలో మన దేశమునకు గొప్ప భాగము కలదు. ఆ భాగము మిక్కిలి దుఃఖకరమైనది కూడను.

భారతకథలో గాంధారి గర్భమునుండి వెలువడిన మాంసపిండమును వ్యాసుడు చల్లని నీట తడిపించి, నూటయొక్క ఖండములుగా విభజించి, నేతికుండలలో భద్రపరపించెనని మనమందరము వినియున్నాము. ఈ కథను చూపి మన పూర్వులకు ఈ శాస్త్రము తెలిసియుండెనని చెప్పుట మా యుద్దేశము కాదు. సంతానము కొరకు మానవుడు పడిన ఆరాటము ఎంత ప్రాచీనమో తెలుపుటకే దీనిని స్మరించితిమి. శాస్త్రమన్నది ప్రయోగముచే, ప్రమాణముచే నిలువవలెను.

ఆ ప్రయోగములు పందొమ్మిదవ శతాబ్ది చివర ఆరంభమైనవి. 1890లో ఇంగ్లండునందు వాల్టర్ హీప్ అను శాస్త్రజ్ఞుడు ఒక కుందేటి పిండములను మరియొక కుందేటి గర్భములోనికి మార్చి, పిల్లలు పుట్టునట్లు చేసెను. జీవకణములను శీతలీకరించుట అంతకంటె కష్టమైన పని. కణములోని నీరు గడ్డకట్టినచో మంచుస్ఫటికములు కణమును చీల్చివేయును. 1949లో గ్లిసరాలు ఈ నష్టమునుండి శుక్రకణములను కాపాడునని ఇంగ్లండులోని పరిశోధకులు కనుగొనిరి. 1972లో ఎలుక పిండములను గడ్డకట్టించి, మరల కరగించి, వానినుండి సజీవమైన పిల్లలను పుట్టించిరి.

తరువాత 1978 జూలై 25వ తేదీన ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున లూయీస్ బ్రౌన్ జన్మించెను. శరీరము వెలుపల ఫలదీకరణము పొంది జన్మించిన మొదటి శిశువు ఆమెయే. ఎడ్వర్డ్స్, స్టెప్టో, జీన్ పర్డీ అను మువ్వురి కృషిఫలమది. పది వారములు గడచినవో లేదో, అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన కలకత్తాలో మరియొక ఆడుశిశువు జన్మించెను. పూజల దినములలో పుట్టిన ఆ బిడ్డను లోకము దుర్గ యను పేరుతో ఎరుగును. ఈ కార్యమును సాధించినవారు డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ. శీతలశాస్త్ర నిపుణుడు సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్య నిపుణుడు సరోజ్ కాంతి భట్టాచార్య వారికి తోడ్పడిరి.

ముఖోపాధ్యాయగారు 1931లో హజారీబాగునందు జన్మించిరి. కలకత్తాలో ఒకటి, ఎడింబరోలో ఒకటి, రెండు డాక్టరేటు పట్టములు పొందిరి. వారి పద్ధతి ఇంగ్లండు పద్ధతికి అనుకరణము కాదు. ఇంగ్లండులో సహజముగా పక్వమైన ఒక్క అండమును ఉదరకుహరదర్శినితో తీసిరి. ముఖోపాధ్యాయగారు మందులతో అనేకాండములను పక్వము చేసి, యోనిమార్గమున వానిని సేకరించిరి. అయితే ఆ మందులచే అండములు వృద్ధియైన నెలలో గర్భాశయము పిండమును స్వీకరించుటకు అనువుగా నుండదని వారు గ్రహించిరి. కనుక పిండములను డైమిథైల్ సల్ఫాక్సైడు సహాయమున గడ్డకట్టించి, 53 దినములు నిలువయుంచి, శరీరము సహజస్థితికి వచ్చిన పిమ్మట గర్భాశయములో ప్రవేశపెట్టిరి. నేడు దేశమంతట జరుగుచున్న ఘనీభవిత పిండ ప్రవేశమునకు మూలసూత్రము ఇదియే.

ఇట్టి కార్యము చేసినవానికి లభించిన బహుమానమేమి? 1978 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఒక విచారణసంఘమును నియమించెను. ఆ సంఘము వారి వాదమును నమ్మదగినది కాదని త్రోసివేసెను. 1979లో తమ పరిశోధనను వివరించుటకు జపానునుండి ఆహ్వానము రాగా, వెళ్లుటకు అనుమతి లభింపలేదు. 1981లో వారిని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేసిరి. సంతానశాస్త్రజ్ఞునకు కంటివైద్యాలయమున పనియేమి? ఆ జూన్ 19వ తేదీన ఆయన ఆత్మహత్య చేసికొనిరి. అప్పటికి వారి వయస్సు 50 సంవత్సరములు.

1984లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున ఘనీభవిత పిండమునుండి శిశువు జన్మింపగా, లోకము దానినే మొదటిదిగా కొనియాడినది. మన దేశమున 1986 ఆగష్టు 6వ తేదీన బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో హర్ష యను ఆడుబిడ్డ పుట్టగా, ఆమెను దేశములో మొదటి పరీక్షనాళిక శిశువుగా ప్రకటించిరి. పరేలులోని ఆ ఆసుపత్రి చుట్టుపట్ల మిల్లులలో మన తెలుగు పద్మశాలీ కార్మికులు తరతరములుగా పనిచేసియున్నారు.

హర్ష జన్మమునకు కారకులు డాక్టరు ఇందిరా హిందూజా, డాక్టరు టి.సి. ఆనందకుమార్. ఈ ఆనందకుమార్‌గారు చేసిన పని మన పిల్లలకు చెప్పదగినది. ముఖోపాధ్యాయగారి వ్రాతప్రతులు తమ చేతికి రాగా, వానిని ఓపికతో పరిశీలించి, దేశములో మొదటి శిశువును సృజించిన గౌరవము తమది కాదనియు, ముఖోపాధ్యాయగారిదేననియు 1997లో బహిరంగముగా వ్రాసిరి. తన శిరముపై నున్న కిరీటమును తానే తీసి మరియొకరికి పెట్టుట సామాన్యమైన ధర్మము కాదు. దుర్గ కూడ పెరిగి పెద్దదై, తన జన్మవృత్తాంతమును లోకమునకు స్వయముగా తెలిపినది.

ఇక నేటి పద్ధతిని గూర్చి రెండు మాటలు. 1985లో ఎలుక పిండములపై విజయవంతమైన అతిశీఘ్ర ఘనీభవనము నేడు మానవపిండములకు వాడుకలోనికి వచ్చినది. ఇందు నీరు స్ఫటికము కాక గాజువలె గట్టిపడును. పిండములను ద్రవనత్రజనిలో, సున్నకు 196 డిగ్రీల దిగువ ఉష్ణములో ఉంచెదరు. స్త్రీ గర్భాశయపు పొరను మందులచే గాని, సహజ ఋతుక్రమముననే గాని సిద్ధపరచి, పిండమును కరగించి, సన్నని గొట్టముతో లోన ప్రవేశపెట్టెదరు. ఆ పని కొన్ని నిమిషములలో ముగియును. అటుపిమ్మట రక్తపరీక్ష వరకు సుమారు రెండు వారముల నిరీక్షణమే దుర్భరము. ప్రతి ప్రయత్నమును ఫలింపదు. ఫలింపనిచో అది ఆమె నడచినందువలన గాని, బరువెత్తినందువలన గాని కలిగిన తప్పు కాదు. 2021లో మన దేశమున వచ్చిన చట్టము ఈ చికిత్సాలయములకు నమోదును, కట్టుబాట్లను విధించినది. దంపతులు ఆ నమోదును విచారించి చేరుట మేలు.

మా బంధువుల మొదటి ప్రయత్నము ఫలింపలేదు. ఆ దినమున ఆ కోడలు ఎవరితోను మాటలాడలేదు. అత్తగారు మాత్రము ఆమె చెంత కూర్చుండి, "అన్నము తిను తల్లీ, తక్కినది తరువాత చూతము" అనెను. ఆ యింటిలో అంతకుముందు విన్న మాటలన్నిటికంటె అది మేలైన మాటయని మాకు తోచినది.

కలకత్తాలో ఒక విద్వాంసుని పనిని తెలియకనే త్రోసిపుచ్చిన పెద్దలను నేడు మనము నిందించుచున్నాము. మన యిండ్లలో తెలియకనే ఒక స్త్రీపై నిందవేయు మనము వారికంటె మేలైనవారము ఎట్లగుదుము? విచారించి పలుకుట నేర్చుకొందము. గొడ్రాలు అను మాట మన పిల్లలకు వినబడకుండునట్లు చూతము. మంచులో నిలచిన బిడ్డయు, ఒడిలో పెరిగినచో మన బిడ్డయే. ఆమెకు మన భాషయే నేర్పుదము.