మెటల్ సంగీతోత్సవాల్లో ప్రోగ్రెసివ్ రాక్ పెద్దలకు చోటుందా?

1989 ఫిబ్రవరి 22న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ పురస్కారాల ప్రదానోత్సవంలో హార్డ్ రాక్, మెటల్ సంగీతాలకు కలిపి తొలిసారిగా ఒక విభాగాన్ని ఏర్పాటు చేశారు. ఆ రాత్రి అదే వేదికపై వాయించిన మెటాలికా బృందానికే పురస్కారం ఖాయమని దాదాపు అందరూ అనుకున్నారు. ఆలిస్ కూపర్, లీటా ఫోర్డ్ కవరు విప్పి చదివిన పేరు మాత్రం జెత్రో టల్. ఒంటికాలిపై నిలబడి ఫ్లూట్ వాయించే ఇయాన్ ఆండర్సన్ నాయకత్వంలోని ఈ బ్రిటిష్ బృందం అప్పటికే ఇరవై ఏళ్లుగా రంగంలో ఉంది. గెలుపుపై ఆశ లేక బృందం ఆ సభకు హాజరు కాలేదు. ప్రకటన వెలువడగానే సభలో నిరసన ధ్వనులు వినిపించాయి.

పాశ్చాత్య ఫ్లూట్ లోహంతో చేసినదే కనుక అది కూడా ‘హెవీ మెటల్’ వాద్యమేనని చమత్కరిస్తూ జెత్రో టల్ రికార్డు సంస్థ తర్వాత పత్రికా ప్రకటన ఇచ్చింది. మరుసటి ఏడాదే గ్రామీ నిర్వాహకులు హార్డ్ రాక్‌ను, మెటల్‌ను వేర్వేరు విభాగాలుగా విడదీశారు. 1992లో మెటాలికా మళ్లీ పురస్కారం అందుకున్నప్పుడు, ఈ ఏడాది ఆల్బమ్ విడుదల చేయనందుకు జెత్రో టల్‌కు కృతజ్ఞతలంటూ డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ చురక అంటించారు.

పురస్కారాల పట్టికను రెండుగా చీల్చడం తేలికే. సంగీతోత్సవాల వేదికను అలా చీల్చడం కుదరదు. ఐరోపాలో ఏటా వేసవిలో జరిగే మెటల్ ఉత్సవాల జాబితాల్లో 1960, 70 దశకాల నాటి పెద్ద బృందం ఏదైనా కనిపించినప్పుడు అభిమానుల్లో పాత చర్చే మళ్లీ మొదలవుతుంది. ఈ పెద్దలు ఇక్కడి వారేనా, లేక టికెట్ల అమ్మకం కోసం పిలిపించిన అతిథులా?

రెండు సంగీతాలు, ఒకే కాలం

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. మూడు నిమిషాల పాట అనే చట్రాన్ని దాటి, శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదాల నుంచి అంశాలను తీసుకుని సుదీర్ఘ రచనలు చేయడం దీని స్వభావం. జెత్రో టల్ 1972లో విడుదల చేసిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ ఆల్బమ్ మొత్తం నలభై నిమిషాలకు పైగా సాగే ఒకే రచన. అదే ఏడాది యెస్ బృందం వెలువరించిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లోని ప్రధాన రచన నిడివి పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. తాళం విషయంలోనూ ఈ బృందాలు నాలుగు లెక్కల దారిలోనే నడవలేదు. జెత్రో టల్ ‘లివింగ్ ఇన్ ది పాస్ట్’ అయిదు లెక్కలపై, పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ ప్రధానంగా ఏడు లెక్కలపై నడుస్తాయి. ఖండచాపు, మిశ్రచాపు తెలిసిన చెవికి ఇందులో వింత కనిపించదు కానీ, నాటి రాక్ శ్రోతలకు అది కొత్త.

హెవీ మెటల్ పుట్టుక కూడా దాదాపు అప్పుడే. 1970 ఫిబ్రవరిలో వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌ను సాధారణంగా దీనికి ఆరంభంగా చెబుతారు. దానికి నాలుగు నెలల ముందు, 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ వెలువడింది. అందులోని మొదటి రచన ‘ట్వెంటీఫస్ట్ సెంచురీ స్కిజాయిడ్ మ్యాన్’లో గరుకైన గిటార్ నాదం, వికృతీకరించిన గాత్రం వింటే ఇది మెటల్ కాదని ఎవరైనా ఎందుకు అంటారో అర్థం కాదు. అయితే అదే ఆల్బమ్‌లో ఆ తర్వాత వచ్చే రచన మంద్రమైన ఫ్లూట్‌తో సాగుతుంది. ఈ చర్చలోని చిక్కంతా ఆ రెండు రచనల మధ్యే ఉంది.

రక్తసంబంధం

వంశవృక్షం ప్రకారం చూస్తే ప్రోగ్రెసివ్ పెద్దలు మెటల్ ఇంటికి పరాయివారు కారు. బ్లాక్ సబాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ 1968 డిసెంబరులో కొద్ది కాలం జెత్రో టల్‌లో ఉన్నారు. రోలింగ్ స్టోన్స్ చిత్రీకరించిన ‘రాక్ అండ్ రోల్ సర్కస్’ కార్యక్రమంలో ఆ బృందంతో కలిసి కనిపిస్తారు. అక్కడ ఇమడలేక బర్మింగ్‌హామ్‌కు తిరిగి వచ్చినా, ఆండర్సన్ వద్ద చూసిన సాధన క్రమశిక్షణను తన బృందానికి అలవాటు చేశానని అయోమీ తర్వాత పలుమార్లు చెప్పారు. 1973లో బ్లాక్ సబాత్ ఆల్బమ్‌లోని ఒక పాటకు యెస్ బృందపు రిక్ వేక్‌మన్ కీబోర్డులు వాయించారు.

తర్వాతి తరం ఈ రుణాన్ని దాచుకోలేదు. ఐరన్ మెయిడెన్ 1983లో ‘ది ట్రూపర్’ సింగిల్ రెండో వైపున జెత్రో టల్ పాట ‘క్రాస్-ఐడ్ మేరీ’ని తమ శైలిలో పాడింది. ఆ బృందం స్థాపకుడు స్టీవ్ హారిస్‌కు జెత్రో టల్, జెనెసిస్ బృందాలపై ఉన్న అభిమానం జగమెరిగినదే. 1985లో బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాల విద్యార్థులు కలిసి ఏర్పరచిన బృందానికి మొదట మెజెస్టీ అని పేరు పెట్టుకున్నారు. కెనడా బృందం రష్ పాట ముగింపు గురించి డ్రమ్మర్ అన్న మాట నుంచి వచ్చిన పేరది. డ్రీమ్ థియేటర్‌గా పేరు మార్చుకున్న ఆ బృందమే ప్రోగ్రెసివ్ మెటల్ అనే శాఖకు ప్రధాన ప్రతినిధిగా నిలిచింది.

2001లో అమెరికాలో టూల్ బృందం కచేరీలకు ముందు వాయించింది ఎవరో కాదు, కింగ్ క్రిమ్సన్. గురువులు శిష్యుల కచేరీకి ముందు వాయించడం ఏ సంగీత సంప్రదాయంలోనూ తరచుగా కనిపించదు.

రికార్డు సంస్థల స్థాయిలోనైతే గోడ ఎప్పుడో కూలింది. జర్మనీకి చెందిన ఇన్‌సైడ్‌అవుట్ సంస్థ జాబితాలో జెత్రో టల్, యెస్, కాన్సాస్ వంటి పాత బృందాల కొత్త ఆల్బమ్‌లూ, డ్రీమ్ థియేటర్ ఆల్బమ్‌లూ పక్కపక్కనే ఉన్నాయి. స్వీడన్ మెటల్ బృందం ఒపెత్ 2001 నాటి ఆల్బమ్ ‘బ్లాక్‌వాటర్ పార్క్’ నిర్మాణంలో పాలుపంచుకున్న స్టీవెన్ విల్సనే, పదేళ్ల తర్వాత జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ను మళ్లీ మిక్స్ చేశారు.

అసలు ఇబ్బంది ఎక్కడ

బంధుత్వం రుజువైనంత మాత్రాన వేదికపై కచేరీ రక్తి కట్టదు. జర్మనీ ఉత్తర ప్రాంతంలోని వాకెన్ గ్రామంలో 1990లో ఆరు బృందాలతో, సుమారు 800 మంది ప్రేక్షకులతో మొదలైన ఉత్సవం నేడు ప్రపంచంలోని అతి పెద్ద మెటల్ వేడుకల్లో ఒకటి. ఎనభై వేల మందికి అటూ ఇటూగా జనం చేరతారు. అక్కడి ప్రధాన వేదికల పేర్లు ఫాస్టర్, హార్డర్, లౌడర్. అంటే మరింత వేగం, మరింత కాఠిన్యం, మరింత హోరు. నెమ్మదిగా మొదలై, నిశ్శబ్దాన్ని కూడా స్వరంగా వాడుకునే ఇరవై నిమిషాల రచనకు ఈ మూడింటిలో ఏ వేదిక తగుతుంది?

వాకెన్ ప్రేక్షకుల సహనాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. ఆ ఊరి అగ్నిమాపక దళం బ్యాండు మేళానికి కూడా అక్కడ వీరాభిమానులున్నారు. 2013లో రామ్‌స్టైన్ బృందంతో కలిసి జర్మన్ జనరంజక గాయకుడు హైనో ఆ వేదికెక్కి పాడారు. అదే ఏడాది డీప్ పర్పుల్ ఇచ్చిన కచేరీ తర్వాత ఆల్బమ్‌గానూ వెలువడింది. అయితే డీప్ పర్పుల్‌ది ప్రోగ్రెసివ్ ఛాయలున్నా మూలంలో హార్డ్ రాక్. ఆ బృందం గిటార్ పలుకులు వాయించడం మొదలుపెడితే మైదానమంతా గొంతు కలుపుతుంది. యెస్ రచనకు అలాంటి సౌలభ్యం లేదు.

ఉత్సవాల్లో అధిక శాతం బృందాలకు దక్కేది ముప్పావు గంట నుంచి గంటన్నర సమయం. చివరి రాత్రి ప్రధాన బృందానికి మాత్రమే కొంత ఎక్కువ. వేదిక మీద ఒక బృందం దిగి మరొకటి ఎక్కే నిమిషాల్లో వాద్యాల స్థాయిలను సరిచూసుకోవాలి. పగటి వెలుతురులో, పక్క వేదిక హోరు గాలిలో తేలివస్తుండగా, ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ను పది నిమిషాలకు కత్తిరించి వినిపిస్తే దాన్ని ఎరిగిన వారికి అసంతృప్తి, ఎరుగని వారికి అయోమయం.

చరిత్రలో ఇది సజావుగా కుదిరిన సందర్భాలు లేకపోలేదు. 1985 ఆగస్టులో ఇంగ్లాండ్‌లోని డోనింగ్టన్‌లో జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవంలో జడ్‌జడ్ టాప్ తర్వాతి స్థానం ప్రోగ్రెసివ్ బృందం మరిలియన్‌ది. బాన్ జోవీ, మెటాలికా వారి కంటే ముందే వాయించి దిగిపోయారు. కానీ అప్పుడు మరిలియన్ పెద్ద తరం కాదు. రెండు నెలల కిందట విడుదలైన వారి ఆల్బమ్ బ్రిటన్ పట్టికలో మొదటి స్థానం అందుకుంది. ఆ ఏడాది జనం వింటున్న పాటలనే వారు పాడారు. యాభై ఏళ్ల కిందటి ఆల్బమ్‌ను మోసుకుని వచ్చే బృందం పరిస్థితి వేరు.

టిల్‌బర్గ్‌లో దొరికిన దారి

నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ నగరంలో జరిగే రోడ్‌బర్న్ ఉత్సవం వేరొక మార్గం చూపింది. అక్కడ ఏటా ఒక సంగీతకారునికి కొన్ని కచేరీల ఎంపిక బాధ్యత అప్పగించే ఆనవాయితీ నెలకొంది. 2014లో ఆ బాధ్యత ఒపెత్ నాయకుడు మీకాయెల్ ఓకర్‌ఫెల్ట్‌కు దక్కింది. ఆయన పిలిచిన వారిలో 1969లో పారిస్‌లో క్రిస్టియన్ వాండర్ స్థాపించిన మాగ్మా ఉంది. తాము కల్పించుకున్న కోబయన్ భాషలో పాడే బృందమది. 1971 నాటి ఒకే ఒక్క ఆల్బమ్‌తో పేరు తెచ్చుకుని కనుమరుగై, దశాబ్దాల తర్వాత మళ్లీ కలిసిన కోమస్ కూడా ఉంది. ఒపెత్ 1998 నాటి ఆల్బమ్‌కు పేరు కోమస్ పాట నుంచే వచ్చింది.

ఇక్కడ కీలకం పిలిచిన వ్యక్తి. మెటల్ శ్రోతలు నమ్మే ఒకరు, తనకు దారి చూపింది వీరేనని చెప్పి పరిచయం చేశారు. కచేరీలు జరిగింది మైదానంలో కాదు, నాలుగు గోడల మధ్య. చిన్న స్వరం కూడా వినిపించే చోట అది. పెద్ద బృందాన్ని ప్రకటన పత్రంపై అలంకారంగా వేసి మధ్యాహ్నం మూడు గంటలకు మైదానంలోకి తోసేయడానికీ, దీనికీ పోలిక లేదు.

యువ బృందాల వాదన

ప్రతి పాత పేరుకూ ఒక కొత్త పేరు బలవుతుందన్న అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. వేదికపై గంటలు పరిమితం. పేరున్న బృందాలకు చెల్లించే పారితోషికం పెరిగే కొద్దీ జాబితా అడుగున ఉన్న వారికి మిగిలేది తగ్గుతుంది. పైగా, పాత పేరుతో వచ్చేది పాత బృందమేనా అన్నది మరో ప్రశ్న. యెస్ స్థాపకుల్లో ఒకరైన క్రిస్ స్క్వైర్ 2015లో, దీర్ఘకాల డ్రమ్మర్ అలన్ వైట్ 2022లో మరణించారు. 1970లో చేరిన గిటారిస్ట్ స్టీవ్ హౌ ఒక్కరే ఆ స్వర్ణయుగానికి మిగిలిన ప్రతినిధి. జెత్రో టల్ అంటే నేడు ఆచరణలో ఆండర్సన్ ఒక్కరే. 1947లో పుట్టిన ఆయన తనకు దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉందని 2020లో వెల్లడించారు. ఊపిరితోనే వాయించే కళాకారునికి అది చిన్న విషయం కాదు.

ఈ వయసుల దృష్ట్యానే అవకాశం ఇవ్వాలనే వాదనకూ బలం ఉంది. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్‌లో పాడిన గ్రెగ్ లేక్ 2016లో, రష్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ 2020లో కన్నుమూశారు. వారిని వేదికపై చూసే వీలు కొత్త తరానికి ఇక లేదు. కనీసం ఉన్నవారి విషయంలోనైనా నిర్వాహకులు ఒక రాత్రి, ఒక మూసిన ప్రాంగణం, కోతలు లేని రెండు గంటలు కేటాయిస్తే యువ బృందాల మైదానపు గంటలు వాటికవే మిగులుతాయి.

భారత్‌లో

భారతీయ శ్రోతలకు ఈ విభజన ఎన్నడూ అంత పదునుగా తోచలేదు. క్యాసెట్ల కాలంలో పింక్ ఫ్లాయిడ్, జెత్రో టల్, ఐరన్ మెయిడెన్ ఒకే హాస్టల్ గదిలో చేతులు మారాయి. జెత్రో టల్ 1990లలోనే మన దేశంలో కచేరీలు చేసింది. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీకి వేలాది మంది తరలివచ్చారు. 2009లో మద్రాస్ ఐఐటీ విద్యార్థుల ఉత్సవం సారంగ్‌లో ఒపెత్ వాయించింది. అదే ఒపెత్ 2024 ఆల్బమ్ ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో ఇయాన్ ఆండర్సన్ ఫ్లూట్, ఆయన గొంతు వినిపిస్తాయి.

2019లో ఢిల్లీ బృందం బ్లడీవుడ్ వాకెన్ వేదికెక్కింది. గిటార్ల హోరుతో పాటు వారు తీసుకెళ్లిన వాద్యాల్లో డోలు ఉంది, వేణువూ ఉంది.