ప్రగతిశీల ప్రజాస్వామ్య విద్యార్థి సంఘం

ప్రగతిశీల ప్రజాస్వామ్య విద్యార్థి సంఘం (పి.డి.ఎస్.యు.) హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1970లలో రూపుదిద్దుకొన్న వామపక్ష విద్యార్థి సంఘము. ఇది రాజకీయ పార్టీ కాదు. అయితే చండ్ర పుల్లారెడ్డి నాయకత్వంలోని చిన్న కమ్యూనిస్టు పార్టీతో, దాని నుండి వెలువడిన పార్టీలతో దీనికి దగ్గరి సంబంధం ఉన్నది. ఆ పార్టీలు చీలినప్పుడల్లా విద్యార్థి సంఘము కూడా చీలిపోవడం వలన ఒకే పేరుతో ఒకటికంటే ఎక్కువ సంఘాలు ఏర్పడ్డాయి.

ప్రాంగణము

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనది. ప్రాంగణంలోని ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939లో ప్రారంభించారు. ప్రాంగణానికి తూర్పు వైపున తార్నాక ఉన్నది. నిజాము కాలంలో ఇక్కడి తోటకు ముళ్ళతీగ కంచె, దాని వద్ద కాపలా నాకా ఉండేవని, అందువలన ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఉర్దూలో "తార్" అనగా తీగ.

ఈ ప్రాంగణంలో రాజకీయాలు కొత్త కాదు. 1938లో వసతి గృహాలలో వందేమాతరం పాడినందుకు అనేక మంది విద్యార్థులను బహిష్కరించారు. కమ్యూనిస్టు నాయకుడు, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడే ఎం.ఏ. చదివాడు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి కూడా ఈ విశ్వవిద్యాలయము ముఖ్య కేంద్రమైనది.

నేపథ్యము

1964లో భారత కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినది. 1967 నక్సల్బరీ తిరుగుబాటు తరువాత, 1968లో తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి తదితరులు మార్క్సిస్టు పార్టీ నుండి వేరుపడ్డారు. 1969 ఏప్రిల్ 22న ఏర్పడిన సి.పి.ఐ. (ఎం.ఎల్.)లో వీరు చేరలేదు. గోదావరి లోయలో సాయుధ ప్రతిఘటన ఎప్పుడు, ఏ రూపంలో సాగాలన్న విషయంపై వీరిలో భేదాలు వచ్చి, 1971లో పుల్లారెడ్డి వర్గము విడిపోయినది. ఈ వర్గము తరువాత సత్యనారాయణ్ సింగ్ నాయకత్వంలోని సి.పి.ఐ. (ఎం.ఎల్.)లో కలిసి, 1980లో మళ్ళీ వేరయినది.

ఆ కాలంలో పశ్చిమ ఐరోపాలోనూ ఇటువంటి పరిణామాలు జరిగాయి. నార్వేలో 1973లో ఏర్పడిన మార్క్సిస్టు-లెనినిస్టు కార్మిక కమ్యూనిస్టు పార్టీ యువజన ఉద్యమం నుండి పుట్టినది. నెదర్లాండ్సులో ఒక చిన్న మావోయిస్టు పార్టీ 1972లో సోషలిస్టు పార్టీగా పేరు మార్చుకొని, 1994లో పార్లమెంటులో ప్రవేశించినది. చిన్న పార్టీకి విశ్వవిద్యాలయము కార్యకర్తలను అందించడం, ఆ పార్టీ సిద్ధాంత వివాదాలు తిరిగి విద్యార్థులను విడదీయడం హైదరాబాదుకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

జార్జి రెడ్డి హత్య

జార్జి రెడ్డి (1947-1972) ఉస్మానియాలో భౌతికశాస్త్ర విద్యార్థి, పరిశోధకుడు. కేరళలోని పాలక్కాడులో జన్మించాడు. ప్రాంగణంలో బలప్రయోగం ద్వారా చెలామణి అవుతున్న వర్గాలను ఎదిరించి, వామపక్ష భావాలు గల విద్యార్థులను సమీకరించాడు. 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగు కళాశాల వసతి గృహం వద్ద అతనిని కత్తులతో పొడిచి చంపారు. ఈ కేసులో నిందితులు న్యాయస్థానంలో నిర్దోషులుగా విడుదలయ్యారు. పి.డి.ఎస్.యు. వర్గాలన్నీ జార్జి రెడ్డిని తమకు స్ఫూర్తిగా భావిస్తాయి. అతని జీవితంపై గీతా రామస్వామి "జీనా హై తో మర్నా సీఖో" అనే పుస్తకాన్ని రచించింది. 2019లో "జార్జ్ రెడ్డి" పేరుతో తెలుగు చలనచిత్రము విడుదలైనది.

ఆవిర్భావము, అత్యవసర పరిస్థితి

1970ల తొలి సంవత్సరాలలో ప్రాంగణంలోని వామపక్ష విద్యార్థులు ప్రగతిశీల ప్రజాస్వామ్య విద్యార్థులు (పి.డి.ఎస్.) అన్న పేరుతో పనిచేశారు. దశాబ్దం మధ్య నాటికి ఇది పి.డి.ఎస్.యు.గా ఇతర జిల్లాలకు విస్తరించినది. ఇదే కాలంలో మరొక నక్సలైటు ధోరణికి చెందిన రాడికల్ విద్యార్థి సంఘము (ఆర్.ఎస్.యు.) కూడా ఏర్పడినది. 1992లో పీపుల్స్ వార్‌తో పాటు ఆర్.ఎస్.యు.ను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించగా, పి.డి.ఎస్.యు. బహిరంగ సంఘంగా కొనసాగినది.

1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ (పి.ఓ.డబ్ల్యు.) అనే సంస్థను స్థాపించారు. వరకట్నము, వీధులలో ఆడపిల్లలను వేధించడము, అశ్లీల పోస్టర్లు, ధరల పెరుగుదల ఈ సంస్థ చేపట్టిన ప్రధాన సమస్యలు.

1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితితో ఈ బహిరంగ కార్యక్రమాలు నిలిచిపోయాయి. అనేక మంది జైలుపాలు కాగా, కొందరు రహస్య జీవితంలోకి వెళ్ళారు. పి.డి.ఎస్.యు. నాయకుడు జంపాల చంద్రశేఖర ప్రసాద్, పార్టీ నాయకుడు నీలం రామచంద్రయ్య 1975 నవంబరు 5న పోలీసుల చేతిలో మరణించారు. ఇది ఎదురుకాల్పులని పోలీసులు పేర్కొనగా, బూటకపు ఎన్‌కౌంటరని వామపక్ష సంస్థలు ఆరోపించాయి. సంఘము ఏటా నవంబరులో వీరి సంస్మరణ జరుపుతుంది.

చీలికలు

1984లో చండ్ర పుల్లారెడ్డి మరణించాడు. అదే కాలంలో పార్టీ చీలినది. ఒక పాయ నుండి సి.పి.ఐ. (ఎం.ఎల్.) న్యూ డెమోక్రసీ వచ్చినది. మరొక పాయ ఇతర బృందాలతో కలిసి 1992లో జనశక్తిగా ఏర్పడినది. ఒకే మూలం నుండి వచ్చిన ఈ రెండింటి మార్గాల మధ్య ఎంత దూరం పెరిగినదో 2004 సంవత్సరము తెలుపుతుంది. ఆ ఏడాది ఇల్లెందు నుండి న్యూ డెమోక్రసీ నాయకుడు గుమ్మడి నర్సయ్య ఐదవసారి శాసనసభకు ఎన్నికయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో జనశక్తి ప్రతినిధులు అజ్ఞాతవాసం నుండి బయటకు వచ్చి, మావోయిస్టులతో పాటు హైదరాబాదులో ప్రభుత్వంతో శాంతి చర్చలు జరిపారు.

న్యూ డెమోక్రసీ 2013లో మళ్ళీ చీలినది. ఆ తరువాత అందులోని ఒక వర్గము ప్రజాపంథాగా ఏర్పడి, 2024లో ఇతర బృందాలతో విలీనమై సి.పి.ఐ. (ఎం.ఎల్.) మాస్ లైన్ అయినది. విద్యార్థి సంఘంలోనూ ఇదే విధమైన విభజన కనిపిస్తుంది. పి.డి.ఎస్.యు. (విజృంభణ) వలె పేరు చివర మరొక మాట చేర్చుకొని కొన్ని వర్గాలు పనిచేశాయి. 1980ల చివరలో విద్యార్థి సంఘ ఎన్నికలు నిలిచిపోవడం వలన ఏ వర్గానికి ఎంత మద్దతు ఉన్నదో ఓట్ల ద్వారా తెలిసే మార్గము కూడా మూసుకుపోయినది.

ప్రభావము

సంఖ్యాబలం దృష్ట్యా ఈ పార్టీలు చిన్నవే. అయితే వాటి వలన చైతన్యం పొందినవారి కృషి పార్టీల పరిధిని దాటిపోయినది. పి.ఓ.డబ్ల్యు. స్థాపకులలో ఒకరైన కె. లలిత తరువాత స్త్రీశక్తి సంఘటనలో పనిచేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలతో ఆ సంస్థ 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే గ్రంథాన్ని వెలువరించినది. పోరాటంలో పురుషులతో సమానంగా పాల్గొన్న స్త్రీలను పోరాటం ముగిసిన తరువాత ఇంటికి పంపిన తీరును ఈ గ్రంథము బయటపెట్టినది. ఈ విధంగా కమ్యూనిస్టు ఉద్యమంపై బలమైన విమర్శ ఆ ఉద్యమ ప్రభావంలో పెరిగినవారి నుండే వచ్చినది. గీతా రామస్వామి కూడా పార్టీని వీడిన తరువాత హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా ప్రచురణ రంగంలో కృషి చేసింది.

2009 నవంబరు తరువాత మలిదశ తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా ప్రాంగణము, తార్నాక పరిసరాలు మళ్ళీ ఆందోళనలకు కేంద్రమయ్యాయి. పి.డి.ఎస్.యు. వర్గాలు ఇతర విద్యార్థి సంఘాలతో కలిసి ఇందులో పాల్గొన్నాయి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఆ తరువాత కూడా ఫీజు రీయింబర్సుమెంటు, వసతి గృహాల సమస్యలు, ఖాళీ పోస్టుల భర్తీ వంటి అంశాలపై ఈ సంఘాలు వేర్వేరుగా ఆందోళనలు నిర్వహిస్తున్నాయి.