గురి రైఫిల్‌లో కొయ్యా, ఉక్కూ

గురిపోటీల రైఫిల్‌లో స్టాక్ అనే పట్టుభాగానికి మొదటినుంచీ రెండు బాధ్యతలున్నాయి: కాల్చేవారి భుజానికీ చెంపకూ చేతికీ ఇమడడం ఒకటి; తూటాను గొట్టంలోకి చేర్చి, బిగించి పేల్చే యాక్షన్ అనే ఉక్కు యంత్రాన్ని ప్రతి కాల్పులోనూ ఒకేచోట నిలపడం రెండోది. యాక్షన్ స్టాక్‌లో ఆని కూర్చునే తీరును బెడ్డింగ్ అంటారు. చాలాకాలం ఈ రెండు పనులనూ ఒకే అక్రోటు కొయ్య మోసింది. మొదటిదానిలో రాణించినంతగా రెండోదానిలో నమ్మకం నిలుపుకోలేకపోయింది.

300 మీటర్ల దూరంపై 1897లో లియోన్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగిన కాలానికే స్విస్, జర్మన్ గురికాండ్ర రైఫిళ్లలో చంక కిందుగా పట్టే కొక్కెపు మడమ, నిలబడి కాల్చేటప్పుడు అరచేతికి ఆనే దిమ్మ వంటి అమరికలు వాడుకలో ఉన్నాయి. బ్రిటన్ దారి వేరు. అక్కడి జాతీయ రైఫిల్ సంఘం 1890లో వింబుల్డన్ నుంచి బిస్లీకి తరలిన తర్వాత కూడా సైనిక రైఫిల్ పోటీలకే పెద్దపీట వేయడంతో, ఆకారాన్ని మార్చే స్వేచ్ఛ లేని పనివారి నేర్పంతా బెడ్డింగ్ మీదికి మళ్లింది. కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లోనూ తయారైన లీ-ఎన్‌ఫీల్డ్‌కు గొట్టం పొడవునా కొయ్య తొడుగు ఉండేది. పేలినప్పుడు గొట్టం కంపిస్తుంది. తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకునే కొయ్య దాన్ని ఒక్కోరోజు ఒక్కోచోట నొక్కితే, అదే గురికి గుండు వేరేచోట తగులుతుంది. అందుకే కొందరు గొట్టం కొసను కింది నుంచి కొద్దిగా ఎత్తిపట్టే ఒత్తిడిని కోరితే, మరికొందరు నడుమ మాత్రమే ఆనించి ముందుభాగాన్ని వదిలేశారు. బిస్లీలోని ఫుల్టన్ సంస్థ ఈ సవరింపులకే పేరుపొందింది. ఈ చరిత్రలో అసలైన మేధ ఇక్కడే పనిచేసిందని చెప్పాలి. కొయ్య స్వభావాన్ని మార్చలేనివారు దాని ఒత్తిడిని అదుపులో పెట్టడం నేర్చుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఎపాక్సీ జిగురుతో యాక్షన్‌కు అచ్చుగా సరిపోయే పడక పోయడం, గొట్టాన్ని కొయ్యకు ఎక్కడా తగలకుండా వదలడం వ్యాపించాయి. యాక్షన్‌ను స్టాక్‌కు పట్టి ఉంచే మరలు బిగించినప్పుడు కొయ్య అణగకుండా వాటి చుట్టూ అల్యూమినియం గొట్టాలు పెట్టడం దీనికి కొనసాగింపే. వియత్నాం తేమలో అమెరికా మెరీన్ల ఎం40 రైఫిల్ కొయ్య స్టాక్ వంకరపోగా, 1970లలో వచ్చిన ఎం40ఏ1 ఫైబర్‌గ్లాస్‌కు మారింది. పోటీ రంగంలో బెంచ్‌పై ఆన్చి కాల్చేవారు యాక్షన్‌ను ఏకంగా స్టాక్‌కు అతికించేశారు.

అల్యూమినియం స్టాక్‌లు ఆ రెండు పనులనూ విడదీశాయి: నడుమనున్న లోహపు దిమ్మ యాక్షన్‌ను మోస్తే, చెంప, భుజం, పిడి భాగాలు విడివిడిగా సర్దుకుంటాయి. అయినా ఆన్‌షుట్జ్ వంటి తయారీదారులు కొయ్య స్టాక్‌లను మానలేదు; .22 రైఫిల్‌తో 50 మీటర్ల పోటీలో దిగేవారు లోహపు స్టాక్‌లోనూ యాక్షన్ మరల బిగింపును కొలిచి, కొంచెం కొంచెంగా మార్చి, గుండ్లు తగిలిన గుర్తుల గుంపు ఏ బిగింపు వద్ద చిన్నదవుతుందో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.