‘కాగితం లేదు’ అని చెప్పే తీగ

పాత లాప్‌టాప్ వెనక్కి తిప్పి చూస్తే సాధారణంగా రెండు పోర్టులు కనిపిస్తాయి. తొమ్మిది సూదులున్నది సీరియల్, ఇరవై అయిదు రంధ్రాలున్నది పారలల్. మొదటిది మోడెమ్ కోసం, రెండోది ప్రింటర్ కోసం. పక్కనున్న ఇంకో కంప్యూటరుతో మాట్లాడటానికంటూ ఏదీ లేదు. కంప్యూటరు యజమాని, దానికి తగిలించేవన్నీ పనివాళ్ళు అన్న లెక్కలో తయారైన పోర్టులవి. ఇద్దరు యజమానులు ఎదురుపడితే ఏం చెయ్యాలో వాటికి తెలీదు. రెండు లాప్‌టాప్‌ల మధ్య కేబుల్ వేసి ఫైళ్ళు పంపుకోవడం ఆ లెక్కని తప్పించుకున్న కథ అని నాకనిపిస్తుంది.

సీరియల్ పోర్టు వెనకనున్న ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. అందులో ఒక పక్క టెర్మినల్, రెండో పక్క మోడెమ్. టెర్మినల్ ఏ తీగమీద మాట్లాడుతుందో మోడెమ్ ఆ తీగమీదే వింటుంది. రెండు కంప్యూటర్లని మామూలు కేబుల్‌తో కలిపితే రెండూ తమని టెర్మినల్ అనుకుని ఒకే తీగమీద మాట్లాడతాయి, ఒకే తీగమీద వినడానికి కూర్చుంటాయి. దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా తేలిక: కేబుల్ లోపల ఆ రెండు తీగల్నీ తారుమారు చెయ్యడం. అప్పుడు ప్రతి కంప్యూటరూ అవతల ఉన్నది మోడెమ్మే అని నమ్ముతుంది. లేని మోడెమ్‌ని ఉన్నట్టు భ్రమింపజేస్తుంది కాబట్టి దానికి నల్ మోడెమ్ కేబుల్ అని పేరు.

పని జరిగేది గానీ మహా నిదానం. పీసీ సీరియల్ పోర్టు మామూలుగా అందుకునే గరిష్ట వేగం సెకనుకు 115,200 బిట్లు. ఒక్కో బైటుకీ మొదలు, చివర గుర్తులు కలిపి పది బిట్లు పడతాయి. అంటే ఒక 1.44 ఎంబీ ఫ్లాపీ నిండా ఉన్న సరుకు పంపడానికి రెండు నిమిషాల పైచిలుకు. వంద ఎంబీలకి రెండున్నర గంటలు.

పారలల్ పోర్టు కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ప్రింటర్‌కి డేటా పంపే తీగలు ఎనిమిది. ప్రింటర్ నుంచి వెనక్కి వచ్చేవి అయిదే, అవి కూడా ఫిర్యాదులకే: కాగితం అయిపోయింది, తప్పు జరిగింది, తీరిక లేదు, అందింది, సిద్ధంగా ఉన్నాను. బయటికి పోయే తీగల్లో అయిదింటిని తీసుకుని అవతలి కంప్యూటరు ఫిర్యాదుల తీగలకి కలిపారు. నాలుగింటిమీద ఒకేసారి అర బైటు వెళ్తుంది, అయిదోది ‘తీసుకో, తీసుకున్నాను’ అని చెప్పుకోవడానికి. ప్రింటర్‌లో కాగితం లేదని మొరపెట్టుకోవాల్సిన తీగ ఇప్పుడు ఎవరి ఉత్తరంలోదో ఒక అక్షరపు ముక్కని మోస్తుంది! అర బైటు చొప్పునే అయినా సీరియల్‌కన్నా ఇది చాలా నయం.

ఈ అవసరాన్ని వ్యాపారంగా మార్చినవాళ్ళలో పేరున్నది ట్రావెలింగ్ సాఫ్ట్‌వేర్ అనే అమెరికా కంపెనీ. 1980ల నడుమ లాప్‌టాప్‌లు మూడున్నర అంగుళాల ఫ్లాపీలతో వచ్చాయి, ఆఫీసు పీసీల్లో ఇంకా అయిదుంపావు అంగుళాలవే. ఇందులోది అందులో పట్టదు. వాళ్ళ లాప్‌లింక్ ఆ సందులో పుట్టింది. దాని నీలం సీరియల్ కేబుల్, పసుప్పచ్చ పారలల్ కేబుల్ చూసినవాళ్ళు మర్చిపోరు. 1993లో మైక్రోసాఫ్ట్ డాస్ 6తోపాటే ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రాముని ఇచ్చింది. దాన్ని రెండో యంత్రంలోకి కేబుల్ మీదుగానే ఎక్కించొచ్చు. అక్కడ సీటీటీవై అన్న డాస్ ఆజ్ఞ ఇస్తే ఆ యంత్రం కీబోర్డు మాట వినడం మానేసి కేబుల్ మాట వింటుంది. విండోస్ 95 నాటికి ఇది డైరెక్ట్ కేబుల్ కనెక్షన్ అయి, ఒక యంత్రం హోస్టు, ఇంకోటి గెస్టు అన్న మర్యాదలతో వచ్చింది.

మా మేనమామ 1990ల చివర తమ ఊరి చరిత్ర రాసి పెట్టుకున్న లాప్‌టాప్ ఆ కాలందే. ఫ్లాపీ డ్రైవు చచ్చిపోయింది, యూఎస్‌బీ లేదు. నా దగ్గరున్న ఎక్స్‌పీ లాప్‌టాప్‌కి పారలల్ పోర్టు ఉంది కాబట్టి కేబుల్ వేసి ఫైళ్ళన్నీ లాగాను. ఒక్క బైటు పోలేదు. తెరిస్తే ఒక్క తెలుగక్షరమూ లేదు, నెత్తిమీద చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. ఇది నేను ఎదురుచూసిందే. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే చేరినా, గౌతమి ఫాంటుతో విండోస్‌లోకి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అంతకుముందు ఒక్కో ఫాంటుదీ ఒక్కో సొంత లెక్క: ఒకదాంట్లో ఫలానా అంకె గుడి అయితే ఇంకోదాంట్లో అదే ఒత్తు. కేబుల్ అంకెల్ని మోసింది. ఆ అంకెలకి అర్థం చెప్పేది ఫాంటు, అది పాత యంత్రంలోనే ఉంది. మళ్ళీ కేబుల్ వేసి ఫాంట్ల ఫోల్డరు కూడా తెచ్చుకున్నాక మావయ్య వాక్యాలు కనిపించాయి.

తర్వాత ఈథర్‌నెట్ వచ్చింది. దానిక్కూడా మొదట్లో తీగలు తారుమారు చేసిన క్రాసోవర్ కేబుల్ కావలసొచ్చేది. అదే పాత ఉపాయం. క్రమంగా ఆ తారుమారు పోర్టులే చేసుకోవడం నేర్చుకున్నాయి. యూఎస్‌బీ మాత్రం మళ్ళీ యజమాని-పనివాడు పద్ధతికే పోయింది. అందుకే రెండు పాత యూఎస్‌బీ కంప్యూటర్లని కలపాలంటే మధ్యలో చిప్పు ఉన్న ప్రత్యేకమైన కేబుల్ కావాలి. విండోస్ విస్టాకొచ్చేసరికి డైరెక్ట్ కేబుల్ కనెక్షన్‌ని తీసేశారు.

యూనికోడ్‌కి ముందు తెలుగులో టైపు చేసిన కథలూ, వ్యాసాలూ, ఊళ్ళ చరిత్రలూ ఇంకా అటకలమీద ఇలాంటి పెట్టెల్లో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, అది ఇంకా వెలుగుతుండగానే ఒక కేబుల్ సంపాదించండి. రాసినవాటితోపాటు ఫాంట్ల ఫోల్డరునీ తెచ్చుకోండి. రాసినవారు ఇంకా ఉంటే ఏ ఫాంటు వాడారో అడిగి రాసిపెట్టుకోండి. మావయ్యకి గుర్తుంది కాబట్టి నా పని ఒక్క సాయంత్రంలో తేలింది.