అయ్యదేవర కాళేశ్వరరావు

అయ్యదేవర కాళేశ్వరరావు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతియు, తెలుగువారి భాషారాష్ట్రోద్యమమున అగ్రగణ్యుడును అగు రాజకీయ నాయకుడు. 1880వ దశకారంభమున కృష్ణా మండలమందలి నందిగామలో జన్మించెను. ఈ గ్రామము జగ్గయ్యపేటతో పాటు నైజాము రాజ్య సరిహద్దుకు చేరువనుండుటచే, ఒకే భాష మాటలాడు జనులు రెండు పరిపాలనల క్రింద విభక్తులై యుండుట ఈ ప్రాంతమున నిత్యానుభవమై యుండెను.

విజయవాడలో న్యాయవాదవృత్తి నవలంబించి, కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులతో కలసి 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి కార్యములలో పాల్గొనెను. ఆధునిక శాస్త్రములును చరిత్రయు తెలుగున లభింపవలెనను ఆ మండలి ఆశయమునకు అనుగుణముగ, ఫ్రెంచి విప్లవము, చైనా జాతీయోద్యమము మున్నగు దేశాంతర విషయములపై ఇతడు తెలుగున గ్రంథములు రచించెను. జాతీయోద్యమమున కారాగారవాస మనుభవించెను. విజయవాడ పురపాలక సంఘాధ్యక్షుడుగను పనిచేసెను.

పిమ్మట కాళేశ్వరరావు యత్నము తెలుగు ప్రాంతముల నేకము చేయుటపై నిలిచెను. విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షుడై, 1950లో వరంగల్లున జరిగిన సమావేశమునుండి ఈ వాదమును బలపఱచెను. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమున తెలంగాణము చేరకపోవుటచే ఉద్యమము కొనసాగెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిమ్మట సభాపతిగా ఎన్నికై, మరణపర్యంత మా పదవి నిర్వహించెను. ‘నవ్యాంధ్రము - నా జీవిత కథ’ ఇతని ఆత్మకథ. నాటి ఆంధ్రోద్యమ చరిత్రకిది ముఖ్యాధారము. 1962 ఫిబ్రవరి 26న దివంగతుడయ్యెను. విజయవాడయందలి కాళేశ్వరరావు మార్కెట్టు ఇతని పేర వెలసినది.