బాట, వెట్టి, శ్రమదానం

“ఏ సార్ పంపిండు మిమ్మల్ని?”

పోచంపల్లికి ఇవతల, ఒక చెరువు కట్ట దిగువన సర్కారు తుమ్మ కొమ్మలు నరుకుతున్న మమ్మల్ని చూసి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. మేం ఏడుగురం. అందరం బేగంపేటలో ఒకే ఆఫీసు వాళ్ళం. నెలకో ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఊళ్ళ మధ్య కాలిబాటల మీద ఓ పది కిలోమీటర్లు నడిచి రావడం మాకు మూడేళ్ళుగా అలవాటు. పోయినసారి ఇదే బాటలో ముళ్ళు గీసుకుపోయి సగంలోనే వెనక్కి తిరిగాం. అందుకని ఈసారి రెండు కొడవళ్ళు, ఒక చిన్న గొడ్డలి తెచ్చుకున్నాం.

“ఎవరూ పంపలేదు తాతా, మేమే వచ్చినం.”

“ఉత్తగనేనా?”

“ఉత్తగనే.”

ఆయన కాసేపు చూశాడు. “మా నాయిన గూడ ఉత్తగనే కొట్టిండు ఈ బాట. దొర బండి వస్తదంటే,” అన్నాడు.

కోపంగా ఏమీ అనలేదు. ఎగతాళి కూడా కాదు. ఉన్నమాట చెప్పి తుమ్మ నీడకు వెళ్ళి కూచున్నాడు. నాకు మాత్రం ఆ తర్వాత పని మీద మనసు నిలవలేదు. మేం చేస్తున్నదీ, వాళ్ళ నాయన చేసిందీ పైకి చూస్తే ఒకటే పని. అదే బాట, అవే ముళ్ళు, పైసా లేని అదే చాకిరి. మరి తేడా ఎక్కడుంది? ఇంటికొచ్చాక నాకు తెలిసిన చరిత్రంతా ఆ ప్రశ్న పట్టుకుని మళ్ళీ తిరగేశాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

ముందు ఒక మాట గురించి. తెలుగులో ఇప్పుడు ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కన బండలు పరిచిన గట్టు. బేగంపేటలో అయితే దాని మీద బైకులుంటాయి, టీ బండి ఉంటుంది, మనిషి రోడ్డు మీద ఉంటాడు. ఇంగ్లీషులో ఆ మాటకు పొలాల మధ్య కాలిబాట అనే అర్థం కూడా ఉంది. మనం మాట తెచ్చుకుని బాటను వదిలేశాం. నిజానికి మనకు ఆ మాట అరువు తెచ్చుకునే అవసరమే లేదు. కాలిబాట, బండ్లబాట, గట్టుదారి, డొంక, గోదావరి జిల్లాల్లో పుంత - నడిచే చోటుకు ఇన్ని పేర్లు పెట్టుకున్న భాష మనది. కానీ ఆ బాటను బాగుచేసే పనికి, ఆ పని చేసే మనిషికి మన భాషలో గౌరవమైన పేరు ఒక్కటి వెతికితే నాకు దొరకలేదు.

బాట వేయించిన వాళ్ళ పేర్లు మాత్రం శాసనాల్లో దొరుకుతాయి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డికి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించిన కీర్తి ఉంది. అది పుణ్యకార్యం, రాజు ఖాతాలో జమ. ఆ బండలు మోసిన వాళ్ళెవరో, తర్వాత వందల వర్షాకాలాల్లో జారిన రాయిని మళ్ళీ పేర్చిన వాళ్ళెవరో ఏ శాసనమూ చెప్పదు.

ఆ నల్లమల దారినే ఏనుగుల వీరాస్వామి నడిచాడు. నడిచాడు అనేకంటే ఎక్కువగా మోయబడ్డాడు అనాలి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారి పొడుగునా రాసింది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం చేరి, అక్కణ్ణించి హైదరాబాదు వచ్చి, నాగపూరు దారి పట్టాడు. మా ఆఫీసుకు కూతవేటు దూరంలో ఉన్న బోయినపల్లి నుంచి మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోయే రోడ్డు ఆ పాత దారికి వారసురాలే.

ఈ పుస్తకాన్ని చాలామంది యాత్రాసాహిత్యంగా చదువుతారు. నేను రెండోసారి చదివినప్పుడు అది నాకు రోడ్ల నివేదికలా కనిపించింది. ప్రతి మజిలీకి ఎన్ని ఆమడలు, నేల రాతిదా రేగడా, నీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళున్నాయా - ఇవన్నీ వెనక వచ్చేవాడి కోసం రాసిపెట్టాడు. బాటను గొడ్డలితో బాగుచేయడం ఒక రకమైతే, తర్వాతి మనిషి దారి తప్పకుండా రాసిపెట్టడం ఇంకో రకం. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ రెండో రకం పని విలువ నాకు తెలుసు. దాన్ని ఎవరూ చేయరు, అందరికీ కావాలి. అయితే ఆ యాత్ర బోయీల భుజాల మీద సాగిన యాత్ర కూడా. వాళ్ళ కాళ్ళకు దారి ఎలా తగిలిందో రాసుకునే వీలు వాళ్ళకు లేకపోయింది.

ఇక పెద్దాయన నాయన సంగతికి వస్తాను. నిజాం రాజ్యంలో వెట్టి ఎలా ఉండేదో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో వచ్చిన పుస్తకంలో కులం వారీగా వివరించాడు. సర్కారు టపా పక్క ఊరికి మోయడం, వచ్చిన అధికారికి దారి చూపించడం, దొర కుటుంబాన్ని మేనాలో భుజాన మోయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. వాటితో పాటు ఒక వివరం నన్ను ఆపేసింది. దొర ఎద్దుల బండిలో పోతుంటే దానికి ముందూ వెనకా మనుషులు పరిగెత్తాలి. ముందు పరిగెత్తేవాడి పని దారి తెరిపి చేయడం. అంటే బాట బాగుచేయడం అనేది మన ఊళ్ళలో ఒకప్పుడు పరిగెడుతూ చేసిన పని. బండి ఆగదు, ఆ మనిషి ఆగకూడదు.

వెట్టికి వ్యతిరేకంగా 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావు వంటివారి పూనికతో, చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడంతో మొదలుపెట్టింది. కాగితం మీద రద్దయిన వెట్టి ఊళ్ళో మాత్రం పోలేదు. అది నిజంగా కదిలింది 1940లలో ఊళ్ళు తిరగబడినప్పుడే.

బ్రిటిష్ వాళ్ళ వైపు కథ మరీ వేరుగా ఏమీ లేదు. విశాఖ మన్యంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లోకి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరి చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక జనం కూడటానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి జరిగింది. తరతరాలుగా కాలిబాటల మీద తిరిగిన మనుషులకు రోడ్డు అంటే తమ వీపు మీదుగా వచ్చిన సర్కారు. పెద్దాయన నన్ను అడిగిన “ఏ సార్ పంపిండు” అనే ప్రశ్నకు ఇంత వెనక ఉంది.

మా కొడవళ్ళు తెగ్గొట్టిన ఆ ముళ్ళ బాటకు కొద్ది దూరంలోనే ఆ ప్రశ్నకు ఒక జవాబు కూడా పుట్టింది. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా భావే వార్ధా దగ్గరి ఆశ్రమం నుంచి దాదాపు 300 మైళ్ళు నడిచి వచ్చాడు. వీరాస్వామి ఉత్తరానికి పోయిన దేశంలోంచే ఈయన దక్షిణానికి వచ్చాడు, పల్లకి లేకుండా. సమ్మేళనం అయ్యాక తెలంగాణ ఊళ్ళలోకి నడక సాగించాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం గురించి ఎన్నో విమర్శలున్నాయి, వాటిలో చాలా నిజం కూడా. ఇక్కడ నాకు కావలసింది ఆ నడకలోంచి వచ్చిన ఇంకో మాట. భూదానంతో పాటు సంపత్తిదానం, శ్రమదానం అనే మాటలు జనంలోకి వచ్చాయి. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం శ్రమదానాన్ని ఊరూరికీ తీసుకుపోయింది. ఊరిబాటలు, బడి గోడలు, బావుల పూడికతీత. వెట్టి చేసిన చేతులే ఇంకా ముసలివి కాకముందే, అదే పనికి ‘దానం’ అని కొత్త పేరు పెట్టింది దేశం.

పేరు మారితే పని మారుతుందా? నా అనుభవం ఒకటి చెబుతాను. 1997 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జన్మభూమి కార్యక్రమం మొదలైంది, అందులో శ్రమదానం ముఖ్యమైన భాగం. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకరోజు మా బడి పిల్లలందర్నీ వరసకట్టించి ఊరి బయటి దారికి తీసుకెళ్ళారు. గడ్డి పీకమన్నారు. పీకాం. ఎవరో పెద్దలొచ్చారు, ఫొటో తీశారు, వెళ్ళిపోయారు. పీకిన గడ్డి ఎత్తి పోసే వాళ్ళు లేక అక్కడే ఎండిపోయింది. చాలా ఊళ్ళలో జన్మభూమి పేరుతో నిజంగా బాటలు పడ్డాయని నాకు తెలుసు, దాన్ని కాదనను. కానీ ఆ రోజు మాలో ఎవరైనా “నేను రాను” అనగలిగేవాడా? అనలేం. వెట్టితో దాన్ని పోల్చడం తప్పే, ఆ పోలిక వెట్టి చేసినవాళ్ళకు అవమానం. అయితే రానని చెప్పే వీలు లేని చోట దానం అనే మాటకు అర్థం లేదని మాత్రం అప్పుడే అర్థమైంది.

డబ్బు ఇచ్చారా లేదా అన్నది కాదు అసలు తేడా. ఆ పనికి కాదనే హక్కు ఉందా, బాగుచేసిన బాట మీద బాగుచేసినవాడు కూడా నడుస్తాడా. ఈ రెండు ప్రశ్నలే.

రెండో ప్రశ్నకు నాకు దొరికిన మంచి ఉదాహరణ మళ్ళీ ఆ నల్లమల బాటే. ఇప్పుడది పులుల అభయారణ్యంలో ఉంది కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు పోవడానికి లేదు. శివరాత్రికి, ఉగాదికి ముందు కొద్ది రోజులు అటవీశాఖ అనుమతితో తెరుస్తారు. రెండేళ్ళ కింద శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం దాకా నేనూ నడిచాను. దారిలో నీళ్ళ డ్రమ్ములు, మజ్జిగ, పులిహోర. పెట్టేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, గుంపులుగా డబ్బులు వేసుకుని వచ్చినవాళ్ళు. మజ్జిగ పోస్తున్న ఒకాయన్ని అడిగితే పోయినేడు తాను నడిచాననీ, మోకాలు బాగుంటే వచ్చే ఏడూ నడుస్తాననీ చెప్పాడు. అక్కడ పోసేవాడూ తాగేవాడూ వేరువేరు జాతులు కారు, ఏడాదికొకసారి వంతు మారుతుంది, అంతే. ఈ అడవిలో తరతరాలుగా బతుకుతున్న చెంచులకు మాత్రం ఏడాది పొడుగునా ఇదే ఇంటి దారి. ఆ సంగతి మనం నడిచే నాలుగు రోజుల్లో మరిచిపోకూడదు.

హైదరాబాదులో దైవభక్తితో పనిలేకుండా ఇలాంటి పని చేసింది 1996లో ఏర్పడ్డ సొసైటీ టు సేవ్ రాక్స్. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుట్టలు కంకరగా మారిపోతుంటే, కొంతమంది కలిసి జనాన్ని నెలనెలా ఆ గుట్టల మధ్య నడిపించడం మొదలుపెట్టారు. మౌలాలీ దగ్గరి రాయి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి సహా 9 రాతి స్థలాలు హుడా వారసత్వ జాబితాకెక్కాయి. వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటే. ముందు నడిపించారు, తర్వాత కాపాడమన్నారు. చూడని రాయి కోసం ఎవరూ కొట్లాడరు.

ఇంగ్లండులోనూ వరస ఇదే. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి, జమీందార్ల వేటమైదానమని తెలిసీ, మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు కొన్ని వందలమంది నడిచారు. ఐదుగురు జైలుకెళ్ళారు. 1949లో వచ్చిన చట్టం ఊరూరా కాలిబాటలన్నిటినీ గుర్తించి పటాలకెక్కించమంది. ఆ పటాల కోసం ఊళ్ళవాళ్ళే నడిచి బాటలు రాసిచ్చారు. నేటికీ అక్కడ వాలంటీర్లు పొదలు కొట్టి ఆ బాటల్ని తెరిచి ఉంచుతారు. అక్కడ కొడవలి వెనక ఒక పటం ఉంది.

మనకు పటం లేదా? ఉంది. మన ఊరి నక్షాలో బండ్లబాటలు, కాలిబాటలు చుక్కల గీతలుగా ఉంటాయి. అందుకే తెలంగాణలో ‘నక్షబాట’ అనే మాట ఉంది. పొలానికి పోయే దారిని అడ్డంకి లేకుండా, హక్కుగా 20 ఏళ్ళు వాడుకుంటే అది హక్కుగా నిలుస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కూడా చెబుతుంది. అంటే నడకే సాక్ష్యం. కానీ నడిచేవాళ్ళు తగ్గిపోయారు, అందరికీ బైకులొచ్చాయి. నక్షాలో చుక్కలున్న చోట నేల మీద ముళ్ళు పెరుగుతాయి. ముళ్ళు పెరిగిన చోట ఒకరోజు కడీలు పాతి తీగ లాగుతారు. ఆ తర్వాత చుక్కల్ని చూపించి అడిగే ఓపిక ఏ పేదవాడికి ఉంటుంది?

ఆ రోజు పని ముగించి నీళ్ళు తాగుతుంటే పెద్దాయన లేచి దగ్గరికొచ్చాడు. “మీరు కొట్టింది తప్పు బాట బిడ్డా,” అన్నాడు. మేం ఎటు పోతున్నామో అటు కాదట. అసలు బాట చింతచెట్టు దగ్గర ఎడమకు తిరిగి పాత మోటబావి మీదుగా గుట్ట కిందికి పోయేదట. అటు చూస్తే వెంచరు వాళ్ళ కడీలు, వాటి మధ్య ముళ్ళతీగ. ఆయన తీగ దాకా వచ్చి, అవతల నేల మీద వేలితో ఆ దారి మలుపులన్నీ చూపించాడు. వాళ్ళ నాయన కొట్టిన బాట అది. కొట్టేటప్పుడు కాదనే హక్కు లేదు, ఇప్పుడు నడిచే హక్కూ లేదు.

ఆయన చెబుతుంటే మాలో ఒకరు ఫోనులో ఆ మలుపులన్నీ గుర్తుపెట్టారు. తహసీల్దారు ఆఫీసులో నక్షా నకలు అడుగుదామనుకున్నాం. వచ్చే నెల మళ్ళీ వస్తామని చెప్పాం. “పత్తి ఏరుడు లేకుంటే నేను గూడ వస్త,” అన్నాడాయన.