శస్త్రచికిత్సల వేళ హెపారిన్ సూదిమందులు

రక్తం గడ్డకట్టకుండా సూది ద్వారా ఇచ్చే మందుల్లో హెపారిన్, దాని నుంచి తయారయ్యే ఎనాక్సాపరిన్, డాల్టెపరిన్ ముఖ్యమైనవి. రక్తంలో సహజంగా ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్ పనిని ఇవి ఎన్నో రెట్లు పెంచుతాయి. కాలి సిరల్లో గడ్డలు, గుండెపోటు వంటి వాటికీ, కృత్రిమ కవాటం ఉన్న గర్భిణులకూ వాడతారు. ఆపరేషన్‌ ముందు మందు ఆపితే గడ్డ భయం, ఆపకపోతే రక్తస్రావం భయం. చివరి సూది ఏ గంటకు వేశారు, మోతాదు ఎంత, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి అన్నవే ఇక్కడ నిర్ణాయకాలు.

చరిత్ర

1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, విలియం హోవెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వైద్య విద్యార్థి జే మెక్లీన్ రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణమున్న పదార్థాన్ని గమనించాడు. 1918లో హోవెల్ హెపారిన్ అనే పేరు వాడాడు. ఇప్పుడు దీన్ని ప్రధానంగా పంది పేగుల లోపొర నుంచి తీస్తారు.

చెన్నైలోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో తొలి విజయవంతమైన కరోనరీ బైపాస్ చేశారు. ఇలా గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద చేసే ఆపరేషన్లకు హెపారినే ఆధారం. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా కిలో బరువుకు సుమారు 300 నుంచి 400 యూనిట్లు ఇచ్చి, యంత్రం తీశాక ప్రోటమిన్‌తో దాని ప్రభావాన్ని విరిచేస్తారు.

రెండు రకాలు

సాధారణ హెపారిన్ ప్రభావం గంటా గంటన్నరకు సగానికి పడిపోతుంది. సిరలోకి ఎక్కిస్తున్న మందును ఆపరేషన్‌కు 4 నుంచి 6 గంటల ముందు ఆపితే సాధారణంగా సరిపోతుంది. ఎనాక్సాపరిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. ప్రోటమిన్ దాన్ని పూర్తిగా విరవలేదు. అది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి వాటి పనితీరు బాగా తగ్గినవారికి మోతాదు తగ్గించాలి, విరామం పెంచాలి.

వెన్నులో సూది

నడుముకు మత్తు ఇచ్చేటప్పుడు వెన్నుపాము చుట్టూ రక్తం చేరితే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎనాక్సాపరిన్‌పై విరామాలను స్పష్టం చేసింది. గడ్డ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే చిన్న మోతాదు తర్వాత కనీసం 12 గంటలు, చికిత్సకు ఇచ్చే పెద్ద మోతాదు తర్వాత 24 గంటలు ఆగాకే వెన్నులో గొట్టం పెట్టాలి, తీయాలి. తీశాక 4 గంటలలోపు మళ్లీ మందు వేయకూడదు. ఆ తర్వాత నడుం నొప్పి, కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే ఎమ్మారై తీయించాలి. ఆలస్యమయ్యేకొద్దీ కోలుకునే అవకాశం తగ్గుతుంది.

వార్ఫరిన్ వాడేవారు

వార్ఫరిన్ మాత్రను ఆపరేషన్‌కు 5 రోజుల ముందు ఆపి, ఆ ఖాళీలో హెపారిన్ సూది వేయడాన్ని బ్రిడ్జింగ్ అంటారు. గుండె లయ తప్పిన 1,884 మందిపై జరిగి 2015లో వెలువడిన బ్రిడ్జ్ అధ్యయనంలో సూది వేసినా వేయకపోయినా పక్షవాతం వంటి గడ్డల ముప్పు దాదాపు ఒకటే. పెద్ద రక్తస్రావం మాత్రం 1.3 శాతం నుంచి 3.2 శాతానికి పెరిగింది. అందుకే ఇలాంటి రోగుల్లో చాలామందికి ఇప్పుడు బ్రిడ్జింగ్ చేయడం లేదు. లోహపు కవాటం ఉన్నవారి లెక్క వేరు.

తిరిగి మొదలుపెట్టడం

రక్తస్రావం ముప్పు తక్కువగా ఉన్న ఆపరేషన్ల తర్వాత పెద్ద మోతాదును సుమారు 24 గంటలకు, ఎక్కువగా ఉంటే 48 నుంచి 72 గంటలకు మొదలుపెడతారు. మందు మొదలైన 5 నుంచి 10 రోజుల్లో ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే అది హెపారిన్ వల్ల వచ్చే అరుదైన ప్రతిచర్య కావచ్చు. అప్పుడు హెపారిన్‌ను పూర్తిగా ఆపి వేరే మందుకు మారతారు.

రోగి, ఇంటివారు

ఇంటి దగ్గర పొట్ట చర్మం కింద సూది వేసుకునేవారు ప్రతి మోతాదు పేరు, పరిమాణం, గంట చీటీలో రాసుకోవాలి. సూది వేసిన చోట రుద్దకూడదు. "నిన్న రాత్రి వేశారు" అన్న మాట మత్తు డాక్టరుకు చాలదు. రాత్రి 9కి వేసిన చిన్న మోతాదు మర్నాడు ఉదయం 9కి వెన్నుసూదికి వీలిస్తుంది. రాత్రి 11కి వేస్తే 11 దాకా ఆగాలి. మందు ఆపాలా, ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టరు చెప్పాలేగానీ సొంతంగా నిర్ణయించుకోరాదు.